పదకొండో తారీఖు వీలునామా

జూన్ 17, సోమవారం. ఉదయం 7:40.

ఎయినో వూరెలా తన పడవల షాపులో నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. కుడిచేతిలో చిత్రిక. చుట్టూ దేవదారు చెక్కపొట్టు.

మొదట చూసింది గార్డన్ టిప్పెట్. పదిహేడేళ్లుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. తలుపు తీసి లోపలికి వచ్చి, పిలిచి, కదిపి, ఫోన్ చేశాడు.

7:52కి సార్జెంట్ నోరీన్ కాడోట్ వచ్చింది. గ్రేనైట్ నారోస్ ఊరికి పోలీసులు నలుగురే. అందులో డిటెక్టివ్ పని తెలిసింది ఆమె ఒక్కతికే. నోరీన్ మోకాళ్ల మీద కూర్చుని ఎయినో మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. చల్లగా ఉంది.

అలవాటు కొద్దీ షాపంతా కలియజూసింది. తలుపు పక్కన హాలరన్ వాళ్ల ఆకుపచ్చ పడవ. వెనక చట్రం మీద చర్చి క్యాంపు వాళ్లవి రెండు. మధ్యలో, పలకలు వంచి పడవ కట్టే పదహారడుగుల అచ్చు, ఖాళీగా. పగిలిన అద్దం లేదు. పెనుగులాట లేదు.

మూలన స్టూలు మీద లొరేన్ పెల్టియే కూర్చుని ఉంది. ఇరవై ఒక్క సంవత్సరాలుగా ఎయినోతో కలిసి బతికిన మనిషి. ఊళ్లో అందరి దృష్టిలో ఆయన భార్యే. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

"కాఫీ పెట్టి పిలుద్దామనుకున్నా నోరీన్," అంది లొరేన్. "ఇంకా వేడిగానే ఉంది పైన."



మూడురోజుల క్రితం, శుక్రవారం సాయంత్రం, నోరీన్ ఇదే షాపులోంచి తన తండ్రి పడవను తీసుకెళ్లింది. తండ్రి లియో చితాభస్మాన్ని శనివారం సరస్సులో కలపాలి. ఆ పడవలోనే వెళ్లి కలపాలని ఆయన కోరిక. అడుగు పుచ్చిపోయిన పడవ. ఎయినో వారంలో కొత్తదానిలా చేసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ముఖం పాలిపోయి ఉంది.

"ఏంటి ఎయినో, అలా ఉన్నావ్?" అని అడిగింది.

"ఏం లేదు. నీ శనివారం గడిస్తే చాలు," అన్నాడు.

ఆమె సరేనని వెళ్లిపోయింది. అంతే. సోమవారం వచ్చి సరిగ్గా థ్యాంక్స్ చెప్పాలనుకుంది.

డాక్టర్ 9:20కి తేల్చేశాడు. గుండె ఆగింది. అనుమానించాల్సింది ఏమీ లేదు.

"ఈ మధ్య ఒళ్లు హూనం చేసుకున్నట్టున్నాడు," అన్నాడు బ్యాగు మూస్తూ. "అంత తొందర ఏమొచ్చిందో!"

నోరీన్ తల పక్కకు తిప్పుకుంది.

జూన్ 21, శుక్రవారం. ఉదయం 10:15.

పోలీస్ స్టేషన్‌కి ఒక స్త్రీ వచ్చింది. వయసు నలభై లోపు. నల్లకోటు. చేతిలో చెప్పుల డబ్బా.

"నా పేరు అన్నెలి. ఎయినో వూరెలా కూతుర్ని. రెజైనా నగరం నుంచి వచ్చాను. ఫిర్యాదు రాయాలి."

"కూర్చోండి. ఎవరి మీద?"

"లొరేన్ పెల్టియే మీద. దొంగ వీలునామా సృష్టించిందని నా అనుమానం."

కాగితం నకలు బల్లమీద పెట్టింది. నోరీన్ చదివింది.

"నేను, ఎయినో వూరెలా, నా షాపును, అందులోని అచ్చులను, పనిముట్లను, పైన ఉన్న ఇంటిని లొరేన్ పెల్టియేకి ఇస్తున్నాను. షాపులో ఉన్న కస్టమర్ల పడవలు నావి కావు. హాలరన్ ఆకుపచ్చ పడవ, చర్చి క్యాంపు రెండు పడవలు, ఎవరివి వాళ్లకు అప్పజెప్పాలి. జూన్ 11, మంగళవారం." కింద సంతకం.

సాక్షులు లేరు. ఈ ఒంటారియో రాష్ట్రంలో అక్కర్లేదు. మొత్తం సొంత చేతిరాతతో ఉండి సంతకం ఉంటే చెల్లుతుంది.

"ఎక్కడ దొరికింది?"

"రాగిమేకుల సొరుగులోనట. బుధవారం. అంటే అంత్యక్రియల మర్నాడు. ఎంత బాగా దొరికిందో చూడండి!"

"మీ నాన్నగారి రాత మీకు తెలుసా?"

అన్నెలి చెప్పుల డబ్బా మూత తీసింది. పుట్టినరోజు కార్డులు. ఇరవై ఒకటి.

"నాకు పద్దెనిమిదేళ్లప్పటి నుంచి ఏటా వచ్చాయి. పోల్చి చూడండి."

నోరీన్ భూతద్దం తీసింది. పావుగంట చూసింది. కుడివైపు వాలిన, కలిపిరాత అక్షరాలు. పొడుగు తోకలు. సంతకంలో చివరి గీత పైకి లేచి ఆగడం. కార్డుల్లో ఎలా ఉందో వీలునామాలో అలాగే ఉంది.

"అన్నెలీ, ఇది ఒకే చేతి రాత."

ఆమె ముఖం వాడిపోయింది.

"అంటే... ఆయనే నాకేమీ లేదనుకున్నాడా?"

"చివరిసారి ఎప్పుడు వచ్చారు ఇక్కడికి?"

"తొమ్మిదేళ్లయింది." ఒక కార్డు చేతిలోకి తీసుకుంది. "ప్రతి కార్డులోనూ ఈ ఎండాకాలం రమ్మని రాసేవాడు. ఒక సంవత్సరం కవరు కూడా చింపలేదు సార్జెంట్ గారూ. నిన్న రాత్రి హోటల్లో చింపాను."

నోరీన్ ఫిర్యాదు నమోదు చేసుకుంది. రాత కలిసింది కదా, రెండు మాటలు అడిగి మూసేయొచ్చు అనుకుంది.

11:30. షాపు.

తలుపుకి తాళం. ఆస్తి ఎవరిదో తేలేదాకా పని ఆపమని ఎయినో లాయరు ఫిలిస్ చెప్పింది. జూన్ నెల. ఏడాదంతా కష్టపడేది ఈ మూడు నెలల కోసమే. తలుపుమీద లొరేన్ రాసిన చీటీ: క్షమించండి, ప్రస్తుతానికి మూసి ఉంది.

గార్డన్ వెనక మెట్లమీద కూర్చుని పొగతాగుతున్నాడు.

"వీలునామా చూశావా గార్డన్?"

"చూపించింది."

"ఎయినో రాతేనా?"

"కళ్లద్దాలు తెచ్చుకోలేదు ఆ పూట."

"పదిహేడేళ్లు ఆయన రాసిచ్చిన కొలతలు చూసి పనిచేశావ్. దూరం నుంచి చూసినా తెలియదా?"

"తెచ్చుకోలేదన్నానుగా సార్జెంట్."

అతను సిగరెట్టు ఆర్పి, ఆరిందో లేదో మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేదు.

నోరీన్ పైకి వెళ్లింది. లొరేన్ తలుపు తీసింది. కళ్లు లోపలికి పోయాయి.

"ఎప్పుడు రాశాడు లొరేన్?"

"మంగళవారం. తారీఖు ఉందిగా."

"నీ ఎదుట రాశాడా?"

"లేదు."

"రాశానని చెప్పాడా?"

"లేదు. సొరుగులో దొరికింది."

"రాగిమేకుల సొరుగు గార్డన్ రోజుకి ఇరవైసార్లు తీస్తాడు. అతనికి వారం రోజులు కనబడలేదా?"

"అడుగున ఉంది."

"ఈ వీలునామా లేకపోతే నీకేమవుతుందో తెలుసా?"

"ఫిలిస్ చెప్పింది. పెళ్లి కాలేదు కాబట్టి నేనెవర్నీ కానట. మొత్తం కూతురికే వెళ్తుందట. నేను కోర్టుకెళ్తే పోషణకని ఎంతో కొంత ఇప్పిస్తారట. షాపు మాత్రం రాదట." లొరేన్ నవ్వబోయింది. కుదర్లేదు. "ఇరవై ఒక్క ఏళ్లు ఆ పడవలకి కాన్వాసు బిగించింది ఈ చేతులే నోరీన్."

"ఫిలిస్ ఎప్పుడు చెప్పింది ఈ మాట?"

"మంగళవారం. అంత్యక్రియలయ్యాక."

కాగితం దొరికింది బుధవారం. నోరీన్ నోటుబుక్కులో రెండు తారీఖులూ పక్కపక్కన రాసుకుంది.

మధ్యాహ్నం 2:05. లాయర్ ఫిలిస్ హర్‌గ్రోవ్ ఆఫీసు.

"చేతిరాత కాగితం చెల్లుతుందని లొరేన్‌కి ఎవరు చెప్పారు ఫిలిస్?"

ఫిలిస్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నేనే. ఓదార్చే మాట దొరక్క నోరు జారాను. 'అయ్యో, ఒక్క కాగితం మీద తన చేత్తో రాసి సంతకం పెట్టి ఉన్నా సరిపోయేదే' అన్నాను. మర్నాడు కాగితం పట్టుకొచ్చింది. అప్పట్నుంచీ నాకు తిండి సయించడం లేదు."

"అనుమానం వస్తే ఎందుకు చెప్పలేదు?"

"కోర్టులో దాఖలు చేయలేదుగా. చేయబుద్ధి కాలేదు. చించెయ్యమనీ అనలేకపోయా." నిట్టూర్చింది. "పెద్ద కంపెనీలకి ఒకటికి పదిమంది లాయర్లుంటారు నోరీన్. ఇలాంటి చిన్న షాపులవాళ్లకి పొద్దున్న లేస్తే పనే. ఏళ్ల తరబడి చెప్పా ఎయినోకి. నువ్వు పోతే షాపు ఎవరిదో రాసిపెట్టు, అచ్చులు ఎవరివో రాసిపెట్టు అని. 'నేనెక్కడికి పోతాను?' అనేవాడు. ఆఖరికి ఈ నెల ఒప్పుకున్నాడు."

"ఒప్పుకున్నాడా?"

"అపాయింట్‌మెంట్ ఇచ్చాను. పదకొండో తారీఖు, రెండు గంటలకి."

"వచ్చాడా?"

ఫిలిస్ డైరీ తిప్పి ఆమె ముందుకు జరిపింది.

పదకొండో తారీఖు. రెండు గంటలు. ఎయినో వూరెలా, వీలునామా. దానిమీద అడ్డంగా కొట్టేసిన గీత. పక్కన చిన్న అక్షరాలు: రద్దు. పడవ పని ఉంది. శుక్రవారంలోగా కాడోట్ వాళ్లకి ఇవ్వాలి.

నోరీన్ ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయింది. 

"నీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను," అంది ఫిలిస్ మెల్లగా.

శుక్రవారానికల్లా కావాలని అడిగింది నోరీనే. అక్కలు విమానంలో వస్తున్నారు, తప్పదు ఎయినో అంది. పక్కవారం పెట్టుకున్నా తండ్రికి పోయేదేమీ లేదు. ఆయన అప్పటికే పోయాడు.

3:10. మళ్లీ షాపు.

లాయరు ఇచ్చిన తాళంచెవితో నోరీన్ ఒక్కతే లోపలికి వెళ్లింది. పడవల రిజిస్టరు మేకుకి వేలాడుతోంది. ఏ పడవ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్లింది, ఎయినో తన చేత్తో రాసుకునే పుస్తకం.

మొదటిపేజీ తెరిచింది. చెయ్యి ఆగింది.

విడివిడిగా, నిలువుగా, ఉలితో కొయ్యమీద చెక్కినట్టున్న పెద్దక్షరాలు. రెండో పేజీ అంతే. పాతికేళ్ల పుస్తకం అంతా అంతే. కలిపిరాత ఒక్క ముక్క లేదు.

జూన్ పేజీ తీసింది. వేలుతో వరుసలు చూసుకుంటూ వెళ్లింది. జేబులోంచి వీలునామా నకలు తీసి పక్కన పెట్టింది.

చదివింది. మళ్లీ చదివింది.

ఆ కాగితం ముక్క మొదట చదివినప్పుడే తెలియాల్సింది తనకి. ఊళ్లో మరెవరికి తెలియకపోయినా తనకి.

4:30. అదే షాపు.

లొరేన్, అన్నెలి, గార్డన్, ఫిలిస్. నలుగుర్నీ రప్పించింది నోరీన్. ఎవరూ కూర్చోలేదు. పెద్దకిటికీలోంచి ఎండ ఖాళీ అచ్చు మీద పడుతోంది.

"ఈ కాగితం పదకొండో తారీఖున రాసింది కాదు," అంది నోరీన్. "అందులో కస్టమర్ల పడవలు ఉన్నాయి. హాలరన్ ఆకుపచ్చ పడవ. గార్డన్, అది ఎప్పుడొచ్చింది?"

గార్డన్ నేల చూపులు చూశాడు.

"పుస్తకంలో ఉందిగా."

"ఉంది. జూన్ 15, శనివారం. నాలుగు రోజుల తర్వాత రాబోయే పడవ పేరు ఎయినోకి మంగళవారమే ఎలా తెలుస్తుంది?"

నోరీన్ అచ్చు దగ్గరికి నడిచింది.

"ఇంకొకటుంది. ఉండకూడని పడవ ఉండటమే కాదు. ఉండాల్సిన పడవ లేదు. పదకొండో తారీఖున ఇదిగో, సరిగ్గా ఇక్కడ, ఈ అచ్చు పక్కన, మా నాన్న పడవ ఉంది. ఎయినో పొద్దస్తమానం దానిమీదే వంగి ఉన్నాడు. ఆ రోజు కస్టమర్ల పడవల పేర్లు రాస్తే మొదట రాయాల్సింది అదే." కాగితం నకలు ఎత్తి చూపించింది. "ఇది రాసిన మనిషి చుట్టూ చూసి, కళ్లకు కనిపించిన పడవలు రాసింది. శుక్రవారం నేను మాది తీసుకెళ్లిపోయాక, శనివారం హాలరన్ వాళ్లది వచ్చాక."

"కానీ రాత?" అంది అన్నెలి. "రాత ఒకటే అని మీరే అన్నారు!"

"ఒకటే. కార్డులు రాసిన చెయ్యీ, వీలునామా రాసిన చెయ్యీ ఒకటే." రిజిస్టరు తెరిచి ఆమె చేతికిచ్చింది. "ఇది మీ నాన్న రాత."

అన్నెలి పేజీలు తిప్పింది. ఒకటి, రెండు, పది. తర్వాత తల ఎత్తింది. నోరీన్ వైపు కాదు, లొరేన్ వైపు.

"నువ్వా?"

లొరేన్ చేతులు ఆప్రాన్‌లో పెట్టుకుంది.

"నేనే. నువ్వు పోల్చి చూసుకునేది ఆ కార్డులతోనేనని తెలుసు. అందుకే ఆ రాతలోనే రాశా."

"అన్నీనా? నా పెళ్లయిన ఏడాది వచ్చింది? బాబు పుట్టిన ఏడాది వచ్చింది?"

"అన్నీ."

"ఆయనకి తెలుసా అసలు?"

"తెలియకేం! స్టాంపు అంటించేది ఆయనే. పోస్టులో వేసొచ్చేది ఆయనే. ఏం రాయాలో తెలియట్లేదు లొరేన్, నువ్వు రాయి అనేవాడు. రాసింది చదివి వినిపిస్తే ఆ పూట పని చేసేవాడు కాదు."

అన్నెలి రిజిస్టరు మూసి గుండెలకు హత్తుకుంది. ఏడుపు రాలేదు. 

"పదకొండో తారీఖే ఎందుకు వేశావ్?" అడిగింది నోరీన్.

"ఆ రోజు రాసి ఉండాల్సింది కాబట్టి."

"పడవల మాట రాయకపోయి ఉంటే నాకు తెలిసేది కాదు లొరేన్."

"ఎలా రాయకుండా ఉంటాను? పరాయివాళ్ల వస్తువులు. షాపుతోపాటు వాటినీ ఎవరైనా కలిపేసుకుంటే వాళ్లేమైపోతారు?" లొరేన్ ముఖం ఎర్రబడింది. "నాది కానిదాని కోసం దొంగరాత రాస్తూ, పక్కనే ఆ ముక్క రాశా. సిగ్గు లేకపోతే సరి."

"రెండు మాటలు చెప్పనా సార్జెంట్?" అన్నాడు గార్డన్. "నాకు చూడగానే తెలిసింది. కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయ్."

"తెలుసు గార్డన్."

అన్నెలి అంది: "నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"తీసుకోవచ్చు. నా రిపోర్టు నేను రాయాలి. రాస్తాను." నోరీన్ టోపీ చేతిలోకి తీసుకుంది. "ఆ అపాయింట్‌మెంట్ ఎందుకు రద్దయిందో కూడా అందులో రాస్తాను."

రాసింది. నాలుగు పేజీలు. కాడోట్ అనే పేరు వచ్చినచోట ఒక్కచోటా దాచలేదు.

కాగితం కోర్టులో దాఖలు కాలేదు. లొరేన్ మీద ఇదివరకు కేసులేవీ లేవు. ప్రభుత్వ న్యాయవాది నలభై గంటల సమాజసేవతో సరిపెట్టాడు. ఆమె ఆ గంటలు ఊరి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేస్తూ గడిపింది.

షాపు చట్టప్రకారం అన్నెలికి చేరింది. చేరేసరికి సెప్టెంబరు సగమయింది. వేసవి పోయింది. ముందే చెప్పిపెట్టుకున్నవాళ్లు వేరే చోట పడవలు కొనుక్కున్నారు. గార్డన్ మోటారుబోట్ల రేవులో పనికి కుదిరాడు. తిరిగిరానన్నాడు. అచ్చుల చెక్క తడికి ఉబ్బింది. ఒక మనిషి అరగంట కూర్చుని రాయాల్సిన కాగితం లేక ఇంత జరిగింది.

సెప్టెంబరు 19, గురువారం. ఉదయం 11:00. ఫిలిస్ ఆఫీసు.

అన్నెలి షాపునీ ఇంటినీ లొరేన్ పేర రాసిచ్చింది. ఒకటే షరతు పెట్టింది. లొరేన్ ఆ కాగితం అందుకున్న పూటే తన వీలునామా రాయాలి.

"నాకు రాయకపోయినా సరే, ఎవరికో ఒకళ్లకి రాయి," అంది. "ఇంకోసారి ఈ డబ్బా పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి నేను వెళ్లలేను."

లొరేన్ ఎవరికి రాసిందో సాక్షులకు చెప్పాల్సిన పని లేదు. చేత్తో కాకుండా టైపు చేయించిన వీలునామా కాబట్టి ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు ఫిలిస్ గుమాస్తా. రెండోవారిగా నోరీన్‌ని పిలిపించింది లొరేన్.

నోరీన్ సంతకం పెట్టింది. 

బయటికి వచ్చాక మెట్లమీద ఆగింది.

"లొరేన్. పదకొండో తారీఖున ఆయన ఇక్కడికి రాకపోవడానికి కారణం నేను. డాక్టరు ఒళ్లు హూనం అన్నదీ నా పడవ వల్లే. నీకు ఎదురుగా చెప్పలేదింతవరకూ."

"నాకు తెలియదనుకున్నావా?"

"రిపోర్టులో చదివి ఉంటావని—"

"రిపోర్టుకి ముందే తెలుసు." లొరేన్ కోటు గుండీలు పెట్టుకుంటోంది. "ఆ రోజు ఎయినో చేతులనిండా జిగురు. గడియారం చూసి, స్నానం చేసి వెళ్దామా అన్నాడు. వెళ్దామనే అన్నాడు నోరీన్. నేనే వద్దన్నా. చావు గురించి కాగితాలు రాసుకునే మాట ఎత్తితేనే నాకు అక్కణ్ణుంచి లేచిపోవాలనిపించేది. పడవ పూర్తి చెయ్యి, పక్కవారం చూసుకుందాం అన్నా. ఫోన్ చేసి రద్దు చేయించింది నేను."

చివరి గుండీ పట్టలేదు. వదిలేసింది.

"నీ పేరు చెప్పా. కారణం ఏదో ఒకటి చెప్పాలిగా."

ఆమె మెట్లు దిగి, వీధి చివర కనబడుతున్న షాపు వైపు నడిచింది. నోరీన్ చాలాసేపు అక్కడే నిలబడింది, కబురు పెట్టిన సరుకు బండి వచ్చి, లొరేన్ ఒక్కతే దేవదారు పలకలు ఒక్కొక్కటే దించుకోవడం మొదలుపెట్టేదాకా. తర్వాత టోపీ తీసి కారులో పడేసి, సాయానికి వెళ్లింది.